పిల్లలకి ఏం పెట్టింది ఆ రోజు?

పోయిన నెల ధనత్రయోదశి రోజు పొద్దున్నుంచీ ఫోన్ నిండా బంగారం ప్రకటనలే, గ్రాముకి ఇంత తగ్గింపు, తరుగు లేదు, రండి కొనండి అని. మా అమ్మ వంటింట్లో గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఇదే పేరుతో నూట ఇరవై ఏళ్ళ కిందట ఒకావిడ కథ రాసింది తెలుసా అమ్మా అన్నాను. చదువు వింటాను అంది. పుస్తకం తెచ్చి పక్కనే పీట వేసుకుని మొదలుపెట్టా. భండారు అచ్చమాంబ గారు రాసిన 'ధనత్రయోదశి', 1902లో హిందూసుందరి పత్రికలో వచ్చింది.

భాష పాతది, గ్రాంథికం, నాకే రెండు మూడు చోట్ల నాలుక తిరగలేదు, అమ్మకి అర్థమవుతుందో లేదో అని మధ్యమధ్యలో ఆపి మామూలు మాటల్లో చెప్తూ వచ్చాను, నాలుగోసారి ఆపేసరికి "నాకు అర్థమవుతోందే, నువ్వు ఆపకు" అంది. కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. దీపావళి ముందు ఊరంతా సంబరంగా ఉంటుంది, ఒక్క ఇంట్లో మాత్రం డబ్బు లేదు, భర్త ఒక ధనవంతుడి దగ్గర పనిచేస్తుంటాడు, పండగ పూట ఇంటి పరిస్థితి చూడలేక యజమాని డబ్బు దొంగతనంగా తెస్తాడు. భార్య ముట్టుకోదు. తిరిగి ఇచ్చేసి రమ్మంటుంది. చివరికి వాళ్ళ నిజాయితీకి యజమాని మనసు కరుగుతుంది. అంతే కథ.

భర్త డబ్బు తీసుకొచ్చిన చోటికి వచ్చేసరికి అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "ఆగు" అంది. "పిల్లలకి ఏం పెట్టింది ఆ రోజు?"

నా దగ్గర జవాబు లేదు. అంతకుముందు నాలుగైదు సార్లు చదివిన కథ అది, దాని మీద వచ్చిన వ్యాసాలు కూడా కొన్ని చదివాను, ఈ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు. ఎవరైనా అడిగినట్టు కూడా గుర్తు లేదు. అప్పట్నుంచీ ఇది రాయాలి రాయాలి అనుకుంటూనే ఉన్నా, ఇవాళ కుదిరింది.

నాకు ఈ కథల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, కొన్నేళ్ళ కిందట ఒక సాహిత్య మీటింగ్‌కి వెళ్ళాను, చిన్నదే, ముప్పై మంది ఉంటారేమో. అచ్చమాంబ గారి పేరు ఎవరో ఎత్తారు. వెంటనే ఒక పెద్దాయన "అవి కథలు కావండీ, నీతిబోధలు, సెంటిమెంట్ ఎక్కువ, ఆడవాళ్ళ పత్రికల్లో ఆడవాళ్ళ కోసం రాసినవి" అన్నారు. చాలామంది తల ఊపారు. నేను లేచి మాట్లాడదామనుకుని మాట్లాడలేకపోయాను, ఎందుకంటే అప్పటికి నేను ఆ కథలు చదవలేదు, పేరు మాత్రమే తెలుసు. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ నా మీద నాకే బాధేసింది. తర్వాత వెతికి పుస్తకం సంపాదించి అన్నీ చదివాను. తల ఊపినవాళ్ళలో ఎంతమంది చదివి ఊపారో అని ఇప్పటికీ అనుకుంటా.

ముందు ఆవిడ ఎవరో చెప్పాలి. 1874లో అప్పటి కృష్ణా జిల్లా నందిగామలో పుట్టింది. మా అమ్మమ్మ వాళ్ళ ఊరి నుంచి నందిగామ బస్సులో గంట ప్రయాణం, చిన్నప్పుడు ఎన్నిసార్లు ఆ బస్టాండులో దిగి సోడా తాగామో, ఒక్కరు కూడా ఈవిడ ఇక్కడ పుట్టింది అని మాకు చెప్పలేదు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పదేళ్ళకి పెళ్ళి. బడికి పోయింది లేదు. భర్త మాధవరావు గారి ఉద్యోగం మధ్యపరగణాల్లో, అంటే ఇప్పటి నాగపూర్, ఛత్తీస్‌గఢ్ వైపు. తమ్ముడిని తన దగ్గరే ఉంచుకుని నాగపూర్‌లో చదివించింది, ఆ తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తనూ నేర్చుకుంది. తెలుగు, హిందీ, మరాఠీ, తర్వాత బెంగాలీ, గుజరాతీ, సంస్కృతం. ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు గారు, హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం, ఆ తర్వాత పుస్తకాలు అచ్చువేసిన విజ్ఞానచంద్రికా మండలి, వీటన్నిటి వెనక ఉన్న మనిషి. తమ్ముడి పేరు మనం బడిలో చదువుకున్నాం. అక్క పేరు చదవలేదు.

ఆవిడకి ఇద్దరు పిల్లలు పుట్టారు, ఒక పాప ఒక బాబు, ఇద్దరూ చిన్నప్పుడే పోయారు. తర్వాత అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని సాకింది, చదువు చెప్పించింది. ఊళ్ళు తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది, 1902లో బందరులో ఓరుగంటి సుందరీరత్నమాంబ గారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అని ఆడవాళ్ళ జీవితచరిత్రలు రాసింది, ఆడవాళ్ళకి తెలివి ఉండదు, చదువుకుంటే చెడిపోతారు అనేవాళ్ళకి జవాబుగా ఒక్కొక్కరి పేరూ ఊరూ చూపిస్తూ రాసిన పుస్తకం అది. 1905 జనవరిలో ప్లేగు రోగులకి సేవ చేస్తూ తనకీ అదే సోకి చనిపోయింది. ముప్పై ఏళ్ళు ఆవిడకి అప్పటికి. ముప్పై.

ఈ మధ్యలోనే, 1898 నుంచి 1904 దాకా, ఈ కథలు. తెలుగు జనానా, హిందూసుందరి లాంటి ఆడవాళ్ళ పత్రికల్లో వచ్చాయి. ఆవిడ బతికుండగా పుస్తకంగా రాలేదు. పత్రికలు మన ఇళ్ళల్లో ఏమవుతాయో తెలిసిందేగా, నాలుగు రోజులు చేతులు మారతాయి, తర్వాత అలమరలో అడుగున పరుస్తారు, లేదంటే పొట్లాలు కట్టుకుంటారు. మగవాళ్ళ పత్రికలు గ్రంథాలయాల్లో బైండింగ్ చేసి పెట్టారు, ఆడవాళ్ళ పత్రికలకి ఆ భాగ్యం తక్కువ. అలా వందేళ్ళు గడిచాయి. 2010లో సంగిశెట్టి శ్రీనివాస్ గారు పాత సంచికలు వెతికి, దొరికిన కథలన్నీ ఒక సంపుటంగా తెచ్చారు. ఆ పని ఎంత పెద్దదో పాత పత్రికల దుమ్ములో ఒక్క పూట కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. ఆయనకీ, అచ్చమాంబ గారి గురించి ఊరూరా చెప్పి, రాసి, ఆవిడ జీవితచరిత్ర కూడా తెచ్చిన భూమిక పత్రిక సంపాదకురాలు కొండవీటి సత్యవతి గారికీ నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

అయితే ఆ పుస్తకం సరిగ్గా వచ్చిన ఏడాది చూడండి, 2010. అదే ఏడాది తెలుగు కథకి నూరేళ్ళు అని రాష్ట్రమంతా సభలు జరుగుతున్నాయి. ఎందుకంటే గురజాడ గారి 'దిద్దుబాటు' 1910లో వచ్చింది, అదే మొదటి కథ అని లెక్క. ఇటేమో 1902 నాటి కథ, అంతకంటే ముందువి కూడా చేతిలో పెట్టి ఇవిగో అంటున్నారు. ఇంకేముంది, మాటలన్నీ అటే పోయాయి. మొదటి కథ ఇదా అదా. ఇది కథేనా, కథకి లక్షణం ఏమిటి, ఆధునికం అంటే ఏమిటి, శిల్పం ఉందా. అవసరమైన చర్చే, కాదనను. కానీ ఒక రచయిత్రి వందేళ్ళ తర్వాత పుస్తకంగా మన ఇంటికి వస్తే మనం గుమ్మంలోనే నిలబెట్టి నీ సీటు నంబర్ ఎంత అని అడిగినట్టయింది, లోపలికి రా కూర్చో ఏం తెచ్చావు అని అడిగినవాళ్ళు తక్కువ. మొదటిది అన్నవాళ్ళు కూడా చాలావరకు ఆ ఒక్క మాట దగ్గరే ఆగారు, కాదు అన్నవాళ్ళూ అక్కడే ఆగారు. మిగతా కథల పేర్లు ఎంతమందికి తెలుసు? ప్రేమాపరీక్షణము, ఎరువుల సొమ్ము బరువుల చేటు, గుణవతియగు స్త్రీ, లలితాశారదలు, జానకమ్మ, దంపతుల ప్రథమ కలహము, సత్పాత్రదానము, స్త్రీవిద్య, భార్యాభర్తల సంవాదము, అద్దమును సత్యవతియును, బీద కుటుంబము. ఇవి.

ఇప్పుడు 'దిద్దుబాటు' సంగతి. నాకు చాలా ఇష్టమైన కథ, ఆ మాట ముందే చెప్తున్నా. గోపాలరావు రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చి తలుపు తలుపు అని పిలవడంతో మొదలవడం, సానుల పాటకి మరిగిన మొగుడికి బుద్ధి చెప్పడానికి కమలిని ఉత్తరం రాసిపెట్టి మంచం కింద దాక్కోవడం, చివర్న ఆ గాజుల చప్పుడూ నవ్వూ, ఇప్పుడు చదివినా తాజాగా ఉంటుంది. మనుషులు నిజంగా మాట్లాడే తెలుగులో మాట్లాడతారు. అచ్చమాంబ గారి గ్రాంథికంలో ఆ హాయి లేదు, ఒప్పుకుంటా. రెండూ పక్కపక్కన పెడితే పనితనంలో దిద్దుబాటుదే పైచేయి.

కానీ రెండు కథల్లో జరిగేది ఏమిటో ఒక్కసారి చూడండి. రెండిట్లోనూ భర్త దారి తప్పుతాడు. రెండిట్లోనూ భార్య దిద్దుతుంది. రెండిట్లోనూ చివరికి అంతా మంచే జరుగుతుంది. ఎనిమిదేళ్ళ తర్వాత ఒక పెద్దాయన భార్య చేత మొగుణ్ణి దిద్దిస్తే అది సంస్కరణ, ఆధునికత, అంతకుముందే ఒక ఇరవై ఎనిమిదేళ్ళ ఆవిడ అదే పని చేయిస్తే అది నీతిబోధ, సెంటిమెంట్. ఈ లెక్క నాకు ఎంత ఆలోచించినా కుదరట్లేదు. కమలిని చదువుకున్న పిల్ల, మొగుడు ఉద్యోగస్తుడు, సరదాలకి డబ్బున్న ఇల్లు. అచ్చమాంబ గారి కథలో ఇల్లాలికి పండక్కి దీపం వెలిగించే దారి లేదు. ఆ స్థితిలో ఎదురుగా డబ్బు పెడితే వద్దనడం ఎంత కష్టం? గుండె రాయి చేసుకోవాలి. మంచం కింద దాక్కోవడం కంటే అది పెద్ద పని అని నాకనిపిస్తుంది.

మన తెలుగులో సెంటిమెంట్ అన్న మాటే విచిత్రంగా స్థిరపడింది. ఏడుపొచ్చే సీను ఉంటే సెంటిమెంట్. అమ్మ సెంటిమెంట్, చెల్లెలి సెంటిమెంట్, తాళి సెంటిమెంట్. ఒక ఆడమనిషి ఇంటి గురించి రాస్తే చాలు, అందులో ఏముందో చూడకుండా ఆ డబ్బాలో వేసేస్తారు. డెబ్బైల్లో మా అమ్మ వాళ్ళు వీక్లీలు పంచుకుని చదివిన రోజుల్లో కూడా ఇదే మాట, వంటింటి సాహిత్యం అని. అమ్మ ఇప్పటికీ చెప్తుంది, వీక్లీ వచ్చిన రోజు పక్కింటావిడ అన్నం వార్చే లోపు చదివి ఇచ్చేయాలి, లేకపోతే సీరియల్ కథ ఆవిడే చెప్పేస్తుంది అని. అంత ప్రేమగా చదివిన జనాన్ని పాఠకులుగా లెక్కలోకి తీసుకోకపోతే ఎలా.

అచ్చమాంబ గారి కథల్లో కన్నీళ్ళు లేవనను. కానీ రెండోసారి చదివినప్పుడు నాకు కనిపించింది ఏమిటంటే, ఈ కథల్లో డబ్బు ఉంది. బీదరికం, అరువు తెచ్చిన నగలు, ఎవరికి దానం చెయ్యాలి ఎవరికి చెయ్యకూడదు, పండగ ఖర్చు. ఇల్లు నడిపే మనిషికి మాత్రమే తెలిసే లెక్కలు ఇవి. 'ఎరువుల సొమ్ము బరువుల చేటు' అనే పేరు చదవగానే మా అమ్మ నన్ను ఆపి మిగతా సగం తనే అందుకుంది, "తియ్యా పెట్టా తీట చేటు" అని. ఎరువు సొమ్ము అంటే అరువు తెచ్చుకున్న నగ అని నేను వివరించబోతే, "నాకు చెప్తావేంటి, మీ పిన్ని పెళ్ళికి నేను పెట్టుకున్న కాసుల పేరు ఎవరిదనుకున్నావు" అంది. ఆ పెళ్ళి ఫోటో మా హాల్లో ఇరవై ఏళ్ళుగా ఉంది. ఆ కాసుల పేరు మాది కాదని నాకు ఆ రోజే తెలిసింది. పెళ్ళి జరిగినంతసేపూ చెయ్యి మెడ మీదే ఉందట అమ్మకి, ఎక్కడ పడిపోతుందో అని, అన్నం కూడా సరిగ్గా తినలేదట. ఫోటోలో చూస్తే నిజంగానే ఎడమ చెయ్యి మెడ దగ్గరే ఉంది. ఇన్నేళ్ళూ సిగ్గుపడుతోందేమో అనుకున్నా.

కథ అంటే ఇది చెయ్యాలి కదా. ఆ పేరు విన్న మనిషి తన మెడ తడుముకుంది.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. కొన్ని కథలు దాదాపు ఇద్దరు మనుషులు కూర్చుని వాదించుకోవడమే, అందులో ఒకరికి ముందే సమాధానాలన్నీ తెలుసు. కొన్నింట్లో సలహా అంతా భార్యకే పోతుంది, ఓర్చుకో, మంచిగా ఉండు అని, అవి చదువుతుంటే నాకు చిరాకేసి పుస్తకం మూసేసిన రోజులున్నాయి. మంచివాళ్ళకి మంచే జరగడం కూడా కొంచెం తొందరగా జరిగిపోతుంది. కానీ ఆవిడ ఎవరి కోసం రాస్తోందో కూడా చూడాలి. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్ళు, ఆ పత్రిక ఇంట్లోకి రావాలంటే మామగారో భర్తో ఒప్పుకోవాలి. వాళ్ళ చేతుల్లోకి చేరే దారిలో కథని పంపాలి. ఆ గుణవతి అన్న పేరు చూసి ఇంట్లో మగవాళ్ళు పత్రికని లోపలికి రానిచ్చి ఉంటారు అని నా ఊహ. లోపల ఆవిడ చదువు గురించి చెప్పుకుంది, డబ్బు గురించి చెప్పుకుంది, భార్యాభర్తలు ఒకరి మీద ఒకరు పెత్తనం చెయ్యకూడదని చెప్పుకుంది.

'స్త్రీవిద్య' కథ మర్నాడు సాయంత్రం చదివాను అమ్మకి. భర్త జైలుకి వెళ్ళబోతున్నాడు, భార్యని చదువు నేర్చుకోమని బతిమాలుతున్నాడు, ఆవిడ ఏవేవో అడ్డు చెప్తుంది. చదువు ఉంటే మనిద్దరి ఉత్తరాలు మనమే రాసుకోవచ్చు చదువుకోవచ్చు అన్నది అక్కడ అసలు సంగతి. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అమ్మమ్మ సంగతి చెప్పింది. తాతయ్య సింగరేణిలో పనికి పోయిన రెండేళ్ళూ ఉత్తరాలు వస్తే పోస్టుమేనే చదివి పెట్టేవాడట అరుగు మీద నిలబడి, చుట్టుపక్కల నలుగురూ వినేవాళ్ళట. అందుకని తాతయ్య ప్రతి ఉత్తరంలోనూ గేదె ఎలా ఉంది, వాన పడిందా అని మాత్రమే రాసేవాడట. అమ్మమ్మ ఉత్తరం తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టేదట, చదవడం రాకపోయినా రాత్రి దీపం దగ్గర విప్పి చూసేదట.

ఆ మీటింగ్‌లో పెద్దాయన అన్న మాట సగం నిజం, ఆడవాళ్ళ కోసం రాసినవే. నూట ఇరవై ఏళ్ళ తర్వాత చేరాల్సిన చోటికి చేరాయి, మా వంటింటి గడప దగ్గరికి.

ఇంకో సంగతి మర్చిపోయా. మొదటి రోజు కథ అయిపోయాక అమ్మ అడిగిన రెండో ప్రశ్న, "ఈవిడకి పిల్లలెంతమంది?" చెప్పాను, ఇద్దరు పుట్టి పోయారని. అమ్మ చిక్కుడు గింజలు గిన్నెలోకి ఎత్తుతూ "అందుకే" అంది. అందుకే ఏమిటి అని అడిగితే చెప్పలేదు, లేచి పొయ్యి వెలిగించింది.

పుస్తకం ఇప్పుడు నా అలమరలో లేదు. అమ్మ దిండు పక్కన పంచాంగం కింద ఉంది, కళ్ళజోడు దాని మీద పెట్టుకుని పడుకుంటోంది. నిన్న రాత్రి లైటు తీసేయబోతుంటే "ఆ అద్దం, సత్యవతి కథ రేపు చదువుతావా, నువ్వు ఆఫీసు నుంచి లేటైతే నేనే చదివేస్తా" అంది.